గోల్ఫ్ వ్యూ ప్లాటుకు ఎల్‌ఆర్‌ఎస్ తెచ్చుకున్నాను: నా అనుభవం

నిన్న సాయంత్రం నా ప్లాటు ఎల్‌ఆర్‌ఎస్ ప్రొసీడింగ్స్ చేతికొచ్చింది. అనుమతి లేని లేఅవుట్‌లోని ప్లాట్లను ఫీజు కట్టించుకుని సక్రమం చేసే పథకం అది (లేఅవుట్ రెగ్యులరైజేషన్ స్కీమ్). దరఖాస్తు పెట్టింది 2020 అక్టోబరులో. రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. మన హన్మకొండ చుట్టుపక్కల ఇలాంటి ప్లాట్లు కొని తిప్పలు పడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

2016లో కరీంనగర్ రోడ్డు వైపు ఒక వెంచర్‌లో 200 గజాలు కొన్నాం. బ్రోచర్ నిండా గోల్ఫ్ బొమ్మలే. పచ్చికకు ఎదురుగా, వెనక కుంట కనపడేలా ఉన్న ప్లాట్లకు 'గోల్ఫ్ వ్యూ' అని పేరుపెట్టి గజానికి 500 ఎక్కువ తీసుకున్నారు. 18 హోల్స్ కోర్సు వేయాలంటే 100 ఎకరాలకు పైనే కావాలి, మా వెంచర్ మొత్తం కలిపితే 32 ఎకరాలు. ఈ లెక్క ఆ రోజే వేసుకుని ఉండాల్సింది, వేసుకోలేదు. మాకు దక్కింది మూడెకరాల గడ్డి, నాలుగు జెండాలు. అయినా ఆ జాగా అంటే మాకు ప్రాణం. అక్కడ ఇళ్లు కట్టుకున్నది రిటైరైన టీచర్లు, సింగరేణి వాళ్లు, పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్లు. గోల్ఫ్ కర్ర పట్టినవాళ్లు ఒక్కరూ లేరు, ఏటా బతుకమ్మ మాత్రం ఆ గడ్డి మీదే ఆడతాం.

అప్పట్లో దరఖాస్తు ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని, ఫీజు 1000 రూపాయలు. సేల్ డీడ్, ఈసీ (ఆ జాగా మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం), లింక్ డాక్యుమెంట్లు ఉంటే సరిపోయింది. తర్వాత నాలుగేళ్లు ఎవరూ పలకలేదు. 2025 మార్చిలో 25 శాతం రాయితీ అన్నప్పుడు ఫైళ్లు కదిలాయి, నాది మాత్రం కదల్లేదు. లాగిన్ చేస్తే 'బఫర్' అని ఒక్క మాట కనపడింది, అంటే చెరువు పక్కన కట్టడాలకు వీల్లేని జాగా అని. ఇల్లు కట్టుకుందామని లోన్‌కు పోతే, ఎల్‌ఆర్‌ఎస్ లేకుండా కుదరదని బ్యాంకువాళ్లు తిప్పి పంపారు.

ఇక ఎల్‌ఆర్‌ఎస్ ఫైళ్లు చూసే ఆఫీసు సంగతి. పేరు రాయను. నాలుగుసార్లు పోతే సార్ సైట్‌కు పోయాడన్నారు. ఐదోసారి దొరికాడు. ఫైల్ తెరిచి, కూర్చొమ్మని కూడా అనకుండా, లైన్‌లో పదిమంది ఉండగా గట్టిగా అన్నాడు: "టీచరు అయ్యుండి శిఖంలో కొన్నవా? కుంట కనపడలేదా నీకు?" శిఖమంటే చెరువు నీళ్లు నిలిచే నేల. ఫైల్ టేబుల్ మీద విసిరితే కాగితాలు కింద పడ్డాయి. వాటిని ఏరి నా చేతికిచ్చింది లైన్‌లో నిలబడ్డ నా పాత స్టూడెంట్. "మేడం, మీరు కూర్చోండి" అన్నాడా పిల్లవాడు. 26 ఏళ్లు లెక్కలు చెప్పాను, ఒక్క పిల్లవాడిని నలుగురిలో అలా అనలేదు. మెట్లు దిగుతుంటే కాళ్లు వణికాయి. జీతం తీసుకుని కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఎదుటి మనిషి వయసన్నా గుర్తుండాలి కదా.

ఇంటికొచ్చి ఆ కాగితాలు సర్దుతుంటే ఒకదాని మీద పెన్నుతో '30 మీ.' అని రాసి ఉంది. అక్కడ దొరికింది నాకు దారం. చెరువు 10 హెక్టార్లు, ఆపైన ఉంటేనే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే గీత) నుంచి 30 మీటర్ల బఫర్. అంతకంటే చిన్నదైతే, కుంట అయితే, 9 మీటర్లే. 10 హెక్టార్లంటే దగ్గర దగ్గర 24 ఎకరాల 28 గుంటలు. మా కుంట నక్షలో ఎంతుందో చూద్దామని గ్రామ నక్ష, పాత పహాణీ నకళ్లు తీయించాను. 8 ఎకరాల 20 గుంటలు, అంటే మాకు 9 మీటర్ల బఫరే. పదో క్లాసు పిల్లవాడు చేసే లెక్క అది, అంత పెద్ద ఆఫీసులో ఎవరూ చేయలేదు.

సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఆ లెక్కంతా ఒక పేజీలో రాసి ఇచ్చి నంబరు తీసుకున్నాను. మీరూ నోటితో చెప్పకండి, రాసివ్వండి, రసీదు లేకుండా కదలకండి. ఏజెంట్‌కు 20 వేలు ఇస్తే అయిపోతుందని చెప్పినవాళ్లున్నారు, ఒక్క రూపాయి ఇవ్వలేదు నేను. మూడు వారాలకు జాయింట్ సర్వే పెట్టారు.

ఆ రోజు సర్వేయర్‌కు ఎఫ్‌టీఎల్ రాయి దొరకలేదు, తుమ్మచెట్లలో కప్పబడిపోయింది. ఒకప్పుడు ఆ ఊరి నీరటిగా (చెరువు నీళ్లు చూసుకునే మనిషిగా) పనిచేసిన తాతను తీసుకెళ్లాను. ఆయన కర్రతో పొదలు పక్కకు జరిపి, మత్తడి (అలుగు) రాయి మీద చెయ్యి వేసి, "నీళ్లు ఈ రాయి దాకా నిలుస్తయి బిడ్డా, ఆపైన దుంకుతయి. మా నాయిన కాలం నుంచి గింతే" అన్నాడు. మత్తడి ఎత్తే ఎఫ్‌టీఎల్. పూడిక తీస్తే కుంట లోతు పెరుగుతుంది గానీ ఆ గీత మారదు. ఆ మట్టం పట్టుకుని అక్కడి నుంచి కొలిస్తే నా హద్దు రాయికి 16 మీటర్లు వచ్చింది. సర్వేయర్ మంచివాడు, మూడుసార్లు కొలిచి రాసుకున్నాడు. కాకతీయుల కాలం నుంచి చెరువుల మీద బతికిన నేల మనది, నీళ్ల జాగా నీళ్లకు వదలాలని నేనూ అంటాను. నా ప్లాటు నిజంగా నీళ్లలో ఉంటే నేనే వదులుకునేదాన్ని.

తర్వాత అంతా తేలికే, ఫీజు కట్టాను, వచ్చింది. ఒక్కటే కడుపు మండింది. లేఅవుట్‌లో 10 శాతం ఓపెన్ స్పేస్ లేదని ప్లాటు విలువలో 14 శాతం నా దగ్గర వసూలు చేశారు. మూడెకరాల గడ్డి ఉంది కదా అంటే, అది గిఫ్ట్ డీడ్ కాలేదు (పంచాయతీకో మున్సిపాలిటీకో రాసివ్వలేదు), ఈ రోజుకీ వెంచర్ చేసినాయన పేరునే ఉంది! రేపు ఆయన దాన్నీ ప్లాట్లు చేసి అమ్మితే అడిగే దిక్కు లేదు. డల్లాస్‌లో ఉండే మా మరిది కొడుకుకు చెబితే, అక్కడా గోల్ఫ్ కోర్సు చుట్టూ ఇళ్లు కొన్నవాళ్లది ఇదే బాధ అన్నాడు, కోర్సు ఓనరు వేరే ఉంటాడట. 2006 తర్వాత చాలా ఏళ్లు అమెరికాలో కొత్తగా తెరిచిన గోల్ఫ్ కోర్సులకంటే మూతపడినవే ఎక్కువ. కాబట్టి పచ్చిక చూసి మురిసిపోకుండా, దాని సర్వే నంబరు మీద ఈసీ తీయించండి.

నిన్న కాగితం తీసుకుని తిన్నగా తాత దగ్గరికే పోయాను. కట్ట మీద కూర్చుని ఉన్నాడు. చూపిస్తే చదవడం రాదు గానీ ముద్రను వేలితో తడిమి చూశాడు. "ఆ గడ్డి జాగల మా బర్లు మేసేటియి బిడ్డా. మీరు వచ్చినంక గేటు పెట్టిన్రు. మల్ల మేపనిస్తరా?"

"ముందు అది ఊరి పేరున కావాలె తాతా" అన్నాను. గిఫ్ట్ డీడ్ అడుగుతూ దరఖాస్తు రాశాను, 41 ఇళ్ల సంతకాలు కావాలి, ఇప్పటికి 17 అయ్యాయి.