డ్రా వల్ల లాభపడేది ఎవరు?

పాయింట్లు లేకుండా, ప్రత్యర్థి చేత ట్యాప్ చేయిస్తేనే గెలుపు అనే నియమంతో జరిగే గ్రాప్లింగ్ (దెబ్బలు లేకుండా పట్లతోనే సాగే కుస్తీ) పోటీలంటే నాకు మొదటి నుంచీ మక్కువ. మెడను నొక్కే చోక్ బిగిసిందా, కీలు ఇక తట్టుకోలేని స్థితికి వచ్చిందా, ఎదుటివాడు చేత్తో తట్టి ఓటమిని ఒప్పుకున్నాడా అన్నది చూసేవారందరికీ ఒకే విధంగా కనిపిస్తుంది. రిఫరీ చేతి సంజ్ఞలను లెక్కపెట్టుకోవలసిన పని ఉండదు. అయితే ఈ పోటీలను ఎంత ఇష్టపడేవారికైనా ఒక చిక్కు ఎదురవుతుంది. సమయం ముగిసేసరికి ఎవరూ ట్యాప్ చేయకపోతే ఏమి చేయాలి? ఇంతవరకూ వచ్చిన పరిష్కారాలలో చాలావరకు డ్రాను ఎలా తొలగించాలన్న వైపు నుంచే ఆలోచించాయని, అసలు డ్రా వల్ల ఎవరికి లాభం కలుగుతోందన్న వైపు నుంచి తగినంతగా ఆలోచించలేదని నా అభిప్రాయం.

పాయింట్ల పద్ధతిని కాదనుకోవడానికి బలమైన కారణమే ఉంది. బ్రెజిలియన్ జియుజిత్సులో అందరికీ తెలిసిన ఐబీజేజేఎఫ్ (ఆ ఆట అంతర్జాతీయ సమాఖ్య) నియమాల ప్రకారం ప్రత్యర్థిని కింద పడవేసే టేక్‌డౌన్‌కు 2, కింద నుంచి అతన్ని తిప్పి పైకి వచ్చే స్వీప్‌కు 2, కింద ఉన్నవాడు కాళ్లతో వేసే అడ్డు అయిన గార్డ్ దాటితే 3, మీద ఎక్కి కూర్చునే మౌంట్‌కు లేదా వీపు పట్టు సాధిస్తే 4 పాయింట్లు వస్తాయి. వీటికి తోడు, పాయింటు దాకా రాని ప్రయత్నాలకు ఇచ్చే అడ్వాంటేజీలు ఉంటాయి. ప్రత్యర్థిని లొంగదీసుకునే దారిలో ఎవరు ఎంత ముందుకు వెళ్లారో కొలవడానికి ఏర్పడిన లెక్క ఇది. కానీ ఆచరణలో ఒక స్వీప్‌తో ముందంజ వేసినవాడు మిగిలిన నిమిషాలన్నీ ఎదుటివాడి గార్డ్‌లో ముడుచుకుని కూర్చోవడం, ఆట స్థలం అంచుల దగ్గర గడియారం చూసుకుంటూ జరిగిపోవడం ఎన్నోసార్లు కనిపిస్తుంది. పాయింట్లు తీసివేస్తే ఈ జాగ్రత్త పోతుందని, ఇద్దరూ గెలుపు కోసమే పట్టు పడతారని సబ్మిషన్ (ట్యాప్ చేయించి గెలవడం) పోటీల నిర్వాహకులు ఆశించారు.

2012లో మొదలైన మెటమోరిస్ అనే పోటీల వరుస ఈ ఆశకు మొదటి పెద్ద పరీక్ష. ఇరవై నిమిషాల ఆట, పాయింట్లు లేవు, తొలి పోటీలో న్యాయనిర్ణేతలు కూడా లేరు. ఆ రాత్రి ముఖ్యమైన బౌట్‌లో రోజర్ గ్రేసీ, బుచేచాగా పేరుపొందిన మార్కస్ అల్మేదా తలపడి డ్రాతో ముగించారు. నన్ను అడిగితే అది ఎవరికీ అన్యాయం చేయని డ్రా. ఇద్దరూ గెలవడానికి ప్రయత్నించారు, ఇద్దరికీ సాధ్యపడలేదు, అంతే. ఆ ప్రశ్న అయిదేళ్లు తెరిచి ఉండి, 2017లో వారు మళ్లీ కలిసినప్పుడు రోజర్ వీపు పట్టు సాధించి చోక్ వేయడంతో తేలింది. మధ్యలోని ఆ అయిదేళ్ల నిరీక్షణే రెండో ఆటకు విలువ తెచ్చిందని నేను అనుకుంటాను.

అదే రాత్రి రైరన్ గ్రేసీకి, ఆంద్రే గల్వావోకు మధ్య జరిగిన ఆట మాత్రం వేరే కథ. గల్వావో ఎక్కువ సేపు పైచేయిగా ఉన్నాడు. రైరన్ అననుకూలమైన స్థానాలను పెద్దగా ప్రతిఘటించకుండానే ఇచ్చివేసి, ట్యాప్ మాత్రం చేయకుండా నిలిచాడు. పాయింట్లు ఉంటే ఇది ఏకపక్షమైన ఓటమి అయ్యేది. ఇక్కడ డ్రాగా నమోదైంది. తనకంటే బలమైనవాడు ఎంత దాడి చేసినా లొంగకపోవడమే జియుజిత్సు సారమని నమ్మేవారికి రైరన్ చేసినది గొప్ప ప్రదర్శన, తక్కినవారికి ఆటను ఎగ్గొట్టడం. ఈ రెండు అభిప్రాయాలలోనూ నిజం ఉంది కాబట్టే డ్రా సమస్య అంత తేలికగా తెగదు. కాపాడుకోవడం కూడా కళే. కానీ కాపాడుకోవడం ఒక్కటే చేసినవాడు దాడి ఒక్కటే చేసినవాడితో సమానమైన ఫలితం పొందితే, తరువాతి పోటీకి వచ్చేవారు ఏది నేర్చుకుని వస్తారో ఊహించడం కష్టం కాదు.

ఈ సమస్య జియుజిత్సు కంటే పాతది. 1910 సెప్టెంబరులో లండన్‌లో గామా పహల్వాన్, పోలెండ్‌కు చెందిన స్టానిస్లావ్ జ్బిష్కో తలపడిన కుస్తీలో గామా తొందరగానే ప్రత్యర్థిని కింద పడవేశాడు. అక్కడ గెలవాలంటే భుజాలు నేలకు ఆనించాలి. తనకంటే బరువైన జ్బిష్కో బోర్లా పడుకుని, మట్‌ను కరుచుకుని, రెండు గంటలకు పైగా అలాగే ఉండిపోయాడు. ఆట డ్రాగా ప్రకటించి వారం తరువాత మళ్లీ పెడితే జ్బిష్కో రానే లేదు. విజేతకు ఇచ్చే బెల్టు గామాకు దక్కింది. 1928లో పాటియాలాలో ఇద్దరూ తిరిగి కలిసినప్పుడు గామా ఒక నిమిషం కూడా తీసుకోలేదు. జ్బిష్కో పిరికివాడేమీ కాదు, ఆ కాలపు మేటి మల్లయోధులలో ఒకడు. లండన్‌లో అతనికి దక్కగలిగిన ఫలితాలలో డ్రా అన్నిటికంటే మంచిదని గ్రహించి, దానికి తగినట్టు ఆడాడు. నియమం ఇచ్చిన అవకాశాన్ని వాడుకున్నవాడి గుణగణాలను విమర్శించడంలో నాకు అర్థం కనిపించదు.

మరి సమయ పరిమితిని ఎత్తివేస్తే? డ్రా అనే మాటే ఉండదు కదా అని ఈ చర్చలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ దీనికి సమాధానం చెప్పింది. గ్రీకో రోమన్ కుస్తీలో మార్టిన్ క్లైన్, ఆల్ఫ్రెడ్ అసికైనెన్ మధ్య ఆట 11 గంటల 40 నిమిషాలు సాగింది. క్లైన్ గెలిచాడు గానీ పూర్తిగా అలసిపోయి ఫైనల్ ఆడలేకపోయాడు, స్వర్ణం క్లేస్ యొహాన్సన్‌కు వెళ్లింది. అదే ఒలింపిక్స్‌లో మరో బరువు విభాగపు ఫైనల్‌లో ఆండర్స్ ఆల్‌గ్రెన్, ఈవార్ బోలింగ్ తొమ్మిది గంటలు పోరాడినా ఫలితం తేలలేదు. నిర్వాహకులు ఇద్దరికీ రజతం ఇచ్చి, స్వర్ణం ఎవరికీ ఇవ్వలేదు. ఆ నిర్ణయం నాకు ఎప్పుడూ నచ్చుతుంది. దాని సంగతి కొంచెం తరువాత చెబుతాను.

పరిమితి లేని ఆటలు ఒక్క బౌట్‌గా పెట్టినప్పుడు బాగానే నడుస్తాయి. 2022లో గ్రాప్లింగ్ మేటి ఆటగాళ్లు గోర్డన్ రయాన్, ఫెలిపే పెనా మధ్య మూడో ఆట అలాగే పెట్టారు. నలభై నిమిషాలు దాటాక పెనా తానే విరమించుకున్నాడు. చోక్ లేకుండా, కీలు పట్టు లేకుండా, కేవలం ఒత్తిడి కింద అలసట వల్ల వచ్చిన ఆ ముగింపు చాలామందిని నిరాశపరిచింది గానీ, ఎవరు గెలిచారన్న విషయంలో సందేహం మిగల్చలేదు. 1955లో బ్రెజిలియన్ జియుజిత్సు మూలపురుషులలో ఒకడైన ఎలియో గ్రేసీ తన పూర్వ శిష్యుడు వాల్దెమార్ సంతానా చేతిలో ఓడిన ఆట మూడున్నర గంటలకు పైగా జరిగింది. అలాంటివి జీవితంలో ఒకటి రెండుసార్లు జరిగే సంగతులు. ఒకే రోజులో నాలుగు బౌట్లు ఆడవలసిన పదహారు మంది పోటీకి ఈ పద్ధతిని తగిలిస్తే, గెలుపు నైపుణ్యం ఎక్కువ ఉన్నవాడికి కాక, మొదటి ఆట త్వరగా ముగిసినవాడికి దక్కుతుంది. క్లైన్‌కు జరిగింది అదే.

న్యాయనిర్ణేతల మార్గం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మెటమోరిస్ రెండో పోటీకే వారిని తెచ్చుకుంది. నేడు పేరున్న చాలా సబ్మిషన్ పోటీలలో వారు ఉన్నారు. సబ్మిషన్‌కు దగ్గరగా వచ్చిన ప్రయత్నాలకు ప్రాధాన్యం ఇవ్వమని వారికి చెప్పినంత మాత్రాన, దగ్గరగా రావడమంటే ఏమిటో ముగ్గురూ ఒకేలా చూస్తారన్న హామీ లేదు. పాయింట్లు బయటికి కనిపించే లెక్క అయితే, ఇది ముగ్గురి తలలలో జరిగే కనిపించని లెక్క. పాయింట్ల నుంచి పారిపోయి వచ్చినవాడికి ఇది ఓదార్పు కాజాలదు.

అన్నిటికంటే చతురమైన ప్రయత్నం అమెరికన్ జియుజిత్సు శిక్షకుడు ఎడ్డీ బ్రావోది. 2003లో ఏడీసీసీ అనే పెద్ద గ్రాప్లింగ్ పోటీలో రాయ్లర్ గ్రేసీని ట్రయాంగిల్‌తో (కాళ్లతో మెడను బిగించే చోక్) ఓడించిన బ్రావో, 2014లో మెటమోరిస్ మూడో పోటీలో అతనితో మళ్లీ తలపడి, ఆటలో ఎక్కువ భాగం తనదే పైచేయి అయినా డ్రాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అదే ఏడాది అతను ఈబీఐ (ఎడ్డీ బ్రావో ఇన్విటేషనల్) పోటీలు మొదలుపెట్టాడు. పది నిమిషాలలో సబ్మిషన్ రాకపోతే ఓవర్‌టైమ్ ఉంటుంది. అందులో ఒక్కొక్కరికి వంతులవారీగా ప్రత్యర్థి వీపు పట్టు గానీ, మోచేతిని వెనక్కి విరిచే ఆర్మ్‌బార్‌కు సిద్ధంగా ఉండే స్పైడర్‌వెబ్ స్థానం గానీ ఇస్తారు. ఒకరు ముగించి రెండోవారు ముగించలేకపోతే ఫలితం తేలుతుంది. మూడు రౌండ్లలోనూ తేలకపోతే, తప్పించుకోవడానికి మొత్తం తక్కువ సమయం తీసుకున్నవారు విజేత. న్యాయనిర్ణేత అవసరం లేదు, పాయింట్లు లేవు, డ్రా లేదు. నిర్ణీత సమయంలోనే సబ్మిషన్ సాధించినవారికి బహుమతి సొమ్ము ఎక్కువ దక్కేలా ఏర్పాటు చేయడం దీనిలో మరో తెలివైన అంశం.

అయినా ఇందులో ఒక లోపం ఉంది, దాన్ని చిన్నదిగా నేను భావించను. ప్రత్యర్థి వీపు దాకా చేరుకోవడమే గ్రాప్లింగ్‌లో కష్టమైన పని. టేక్‌డౌన్ సంపాదించాలి, గార్డ్ దాటాలి, మెల్లగా పక్క పట్టు సాధించాలి, ఎదుటివాడు తిరిగేలా చేయాలి, ఆ తరువాత వీపు దొరుకుతుంది. ఓవర్‌టైమ్ ఈ శ్రమనంతా రద్దు చేసి, ఆ స్థానాన్ని ఇద్దరికీ ఉచితంగా ఇస్తుంది. దాంతో గార్డ్ ఆటలో, టేక్‌డౌన్‌లలో వెనకబడినవాడు కూడా వీపు పట్టునూ దాని నుంచి తప్పించుకోవడాన్నీ మాత్రం రోజూ సాధన చేసి, పది నిమిషాలు ఎలాగో గడిపి, తన బలమైన రంగానికి ఎదుటివాడిని లాక్కురావచ్చు. డ్రా కోసం ఆడేవాడి స్థానంలో ఓవర్‌టైమ్ కోసం ఆడేవాడు వచ్చాడు. మేలు ఒకటి జరిగిందని మాత్రం ఒప్పుకుంటాను: వీపు పట్టు తప్పించుకునే విద్య ఆ సంవత్సరాలలో ఎంతగానో పదునెక్కింది. నియమం ఏది అడిగితే ఆటగాళ్లు అది నేర్చుకుంటారు.

ఏడీసీసీ వారు బౌట్ మొదటి సగంలో పాయింట్లు లెక్కించకుండా, రెండో సగంలో లెక్కించే రాజీ మార్గం ఎంచుకున్నారు. అది మంచి పోటీలను ఇస్తోంది గానీ, అది సబ్మిషన్ మాత్రమే అనే పోటీ కాదు కాబట్టి ఈ చర్చలో దానికి పరిమితమైన చోటే ఉంది.

డ్రా విషయంలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పినది జపాన్‌లోని కోసెన్ జూడో. 1914లో ఉన్నత పాఠశాలల మధ్య మొదలైన ఈ పోటీలలో పూర్తి ఇప్పన్ (జూడోలో ఆటను అక్కడికక్కడే ముగించే స్కోరు) వస్తేనే గెలుపు. నేల మీది పట్లకు అడ్డు లేదు. జట్లు వరుసగా తలపడతాయి, గెలిచినవాడు మట్ మీదే నిలిచి ఎదుటి జట్టులోని తరువాతివాడితో ఆడతాడు, డ్రా అయితే ఇద్దరూ దిగిపోతారు. ఈ చివరి నియమం మొత్తం ఆటను మార్చివేసింది. ప్రతి జట్టులోనూ ఎదుటివారిని వరుసగా ఓడించడానికి కొందరు, బలవంతులను డ్రాతో ఆపడానికి కొందరు వేర్వేరుగా తయారయ్యారు. రెండో రకంవారిలో చాలామంది పాఠశాలలో చేరాకే జూడో మొదలుపెట్టినవారు. కొన్ని నెలలు కేవలం తాబేలులా ముడుచుకోవడం, కాళ్లతో బంధించడం, నలిగినా ట్యాప్ చేయకపోవడం నేర్చుకుని, ఏళ్ల అనుభవం ఉన్న దిట్టను తమతో పాటు మట్ దింపేవారు. ఇక్కడ డ్రా దాగుడుమూత కాదు. అది జట్టు ముందుగా వేసుకున్న లెక్కలో ఒక అంకె. బలవంతుడు కొత్తవాడిని ముగించలేకపోతే నష్టం బలవంతుడి జట్టుకే, కాబట్టి ముగించే విద్యను అభివృద్ధి చేసుకోక తప్పలేదు. నేటి ట్రయాంగిల్ చోక్ అక్కడ రూపుదిద్దుకుందని చెప్పడం ఊరికే కాదు.

దీని నుంచి నేను తీసుకున్న ఆలోచన సులభమైనది. డ్రా అయితే ఇద్దరూ పోటీ నుంచి నిష్క్రమించాలి. ఎనిమిది మంది పోటీలో మొదటి రౌండ్ నాలుగు ఆటల్లో ఒకటి డ్రా అయితే, ఆ స్థానం ఖాళీగానే ఉండి, అటువైపు గెలిచినవాడు ఆడకుండానే ముందుకు వెళతాడు. ఫైనల్ డ్రా అయితే స్టాక్‌హోమ్‌లో చేసినట్టు ఇద్దరికీ రెండో స్థానం, మొదటి బహుమతి సొమ్ము ఎవరికీ లేదు. ఈ నియమం కింద కాపాడుకోవడం మాత్రమే చేసేవాడికి దక్కేది ఏమీ ఉండదు. పైచేయిగా ఉన్నవాడికి కూడా ఆ పైచేయిని ముగింపుగా మార్చకపోతే ఏమీ దక్కదు. అంటే గల్వావో, రైరన్ ఇద్దరూ చివరి అయిదు నిమిషాలలో ప్రమాదానికి ఎదురు వెళ్లవలసి వచ్చేది.

అభ్యంతరాలు ఉన్నాయి. ఒకే అకాడమీకి చెందిన ఇద్దరిలో బలహీనుడు, తన సహచరుడికి దారి సుగమం చేయడానికి ఎదురుపక్కనున్న బలవంతుడితో కావాలని డ్రా చేసుకుని ఇద్దరినీ బయటికి లాగవచ్చు. ఇది కోసెన్ జట్లు బాహాటంగా చేసినదే; వ్యక్తిగత పోటీలో మాత్రం అది మోసమవుతుంది. ఒకే అకాడమీవారిని పోటీ పట్టికలో వేర్వేరు వైపుల ఉంచినా దీన్ని పూర్తిగా ఆపలేము. టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకుడికి సెమీఫైనల్ ఒకటి జరగకపోవడం నచ్చదు, ప్రసారకర్తకు అసలే నచ్చదు. ఆటగాళ్లు ట్యాప్ చేయకుండా మొండిగా గాయాలకు సిద్ధపడతారన్న భయం కూడా నాకుంది. డ్రాతోనూ బయటికే, ఓటమితోనూ బయటికే అయినప్పుడు మోకాలిని మెలితిప్పే మడమ పట్టు పడినవాడు ఆ మోకాలిని పణంగా పెట్టడానికి కారణం తగ్గుతుందని నా వాదన. కానీ పరువు కోసం ట్యాప్ చేయనివాడి విషయంలో ఏ నియమమూ పని చేయదు, అక్కడ రిఫరీ ఆట ఆపడమే దిక్కు.

ఒక్క బౌట్‌గా పెట్టే పెద్ద ఆటలకు ఇవేవీ అవసరం లేదు. వాటిలో డ్రాను డ్రాగానే ఉంచి, పారితోషికంలో కొంత భాగాన్ని సబ్మిషన్‌కు ముడిపెట్టి, ఫలితం తేలకపోతే ఆ భాగాన్ని రెండో ఆట కోసం నిర్వాహకులు అట్టే పెట్టడం చాలు. చిన్న స్థాయి పోటీలు నడిపేవారు ఈ ఇద్దరి నిష్క్రమణ నియమాన్ని ముందుగా ఎనిమిది మంది విభాగంలో, పన్నెండు నిమిషాల బౌట్లతో పెట్టి చూడవచ్చు. అంతకంటే తక్కువ సమయం ఇస్తే డ్రాలు నైపుణ్యం వల్ల కాక గడియారం వల్లే వస్తాయి.