నిలువు పట్టీల గోడ: కింది రెండడుగులతోనే పేచీ

గది గోడకు టేపు అంటించి లేత రంగు, జాజు రంగు నిలువు పట్టీలు వేస్తున్నాను. పై ఏడడుగులు ఎంత బాగా వచ్చిందంటే, అంచులు బ్లేడుతో కోసినట్టున్నాయి. కింది రెండడుగులే ప్రాణం తీస్తోంది. టేపు లాగుతుంటే దానితోపాటే రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తోంది.

గోడ వెడల్పు 135 అంగుళాలు. తొమ్మిదేసి అంగుళాల పట్టీలు 15, బేసి సంఖ్య కాబట్టి రెండు మూలల్లోనూ లేత రంగే పడింది. మధ్యలో జాజు రంగు పట్టీలు ఏడు. నిలువు గీతలకు గుండు దారమే వాడాను, మూలను నమ్ముకుంటే కుదరదు, మా గది మూల పైకప్పు చేరేసరికి ముప్పావు అంగుళం ఒరిగింది. టేపు అంచు మీద ముందు లేత రంగే ఒక పూత వేసి ఆరనిచ్చాను, జాజు రంగు ఎక్కడా లోపలికి పాకలేదు.

ఇక ఊడింది ఎక్కడంటే, ఎడమ నుంచి నాలుగో పట్టీ మొదలు తొమ్మిదో పట్టీ దాకా, నేల నుంచి 5 అంగుళాలు మొదలై 22 అంగుళాల ఎత్తు వరకు. ఒక పెచ్చు తిప్పి చూస్తే లేత రంగు, దాని వెనక ప్రైమర్, ఆ వెనక వేలికి అంటుకునే తెల్లటి పొడి. గోడ మీద మిగిలిందీ అదే పొడి. అంటే రంగు గోడను వదల్లేదు, మధ్యలో ఉన్న ఆ పొర తనంతట తానే రెండుగా విడిపోతోంది.

మొదట టేపును అనుమానించాను. పసుపు కాగితం టేపు తీసేసి త్రీఎం నీలం టేపు వేశాను, ఊడటం తగ్గింది కానీ ఆగలేదు. డ్రయ్యర్‌తో వేడి చేస్తూ లాగినా పెచ్చులు చిన్నవయ్యాయంతే. పొడి మీద నిమ్మరసం చుక్క వేస్తే బుసబుస పొంగింది, సున్నమే అనుకున్నా, కానీ వైట్ సిమెంట్ లప్పం మీద వేసినా అలాగే పొంగుతుంది కాబట్టి దాంతో ఏమీ తేలదు. తడి వేలితో రుద్దడమే పనికొచ్చింది: పై భాగంలో లప్పం తడిసినా గట్టిగానే ఉంది, కింద మాత్రం మెత్తబడి వేలికి వచ్చేసింది. పాత సున్నమో డిస్టెంపరో గీకకుండానే ఎవరో ఎప్పుడో దాని మీద పూత వేసి వెళ్లినట్టుంది.

గోడ అవతల బాత్రూం ఉంది, చెమ్మేమో అని టెన్షన్ పడ్డాను. అడుగు చదరం పాలిథీన్ నాలుగు వైపులా అంటించి ఒక రాత్రి, ఒక పగలు ఉంచితే లోపలి వైపు తడేమీ పట్టలేదు. అయితే ఇది మే నెల ఎండల్లో చూసిన ఫలితం, వానలు పడ్డాక మళ్లీ అంటించి చూడాలి.

తర్వాత ఆ పొడి పొరను గీకి గోడ మీదే రెండు చిన్న ముక్కలు తయారుచేశాను, ఒకదానికి నీళ్ల ప్రైమర్, రెండోదానికి సాల్వెంట్ (టర్పెంటైన్ లాంటి ద్రావకం) ప్రైమర్. బాగా ఆరాక రెండింటికీ టేపు వేసి లాగితే నీళ్ల ప్రైమర్ ముక్క ఊడింది, సాల్వెంట్‌ది కదల్లేదు. మిగిలిన పొడిలోకి అది ఇంకి పట్టుకుంటోందని నా ఊహ. వాసన ఘాటు, కిటికీలు తీసిపెట్టుకునే పని చేయాలి, అయినా ఇలాంటి గోడకు ఇదే సరి. లప్పం మీదైతే నీళ్ల ప్రైమరే హాయి.

ఇప్పుడు ప్లాన్ మారింది. కింది 24 అంగుళాలు మొత్తం గీకి, సాల్వెంట్ ప్రైమర్ వేసి, అక్కడ నిలువు పట్టీలు కాకుండా ఒకటే అడ్డ పట్టీ, మా ఊళ్లల్లో గోడల అడుగున జాజు పూసినట్టు. అలా చేస్తే టేపు గీత గట్టి లప్పం మీద పడుతుంది, కింద టేపు అవసరమే ఉండదు. మా అత్తమ్మ దాని పైఅంచున సున్నపు చుక్కలు కూడా పెట్టమంటోంది, సన్న బ్రష్‌తో చూస్తాను. ఆదివారం ప్రకాశం బజార్‌కు పోయి ప్రైమర్ లీటరు డబ్బా, 80 నంబర్ ఎమ్రీ పేపర్ తేవాలి. హాల్లో మాత్రం ఒకే రంగు, ఒక పట్టీ మ్యాట్, ఒక పట్టీ మెరుపు ఇమల్షన్, దానికి ముందు లప్పం మరో చేయి పడాలి.