ట్యాంక్‌బండ్ మబ్బు, కింద నీళ్లు: ఒక వానాకాలపు ఎడిటింగ్ డైరీ

జూలై 6

నిన్న సాయంత్రం ఐదున్నరకి ట్యాంక్‌బండ్ మీద ఉన్నాను. నెక్లెస్ రోడ్ వైపు నుంచి నల్లటి మబ్బు లేచి వస్తోంది. హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధుడు తెల్లగా నిలబడి ఉన్నాడు. ఆ మబ్బు కంటికి ఎంత బరువుగా ఉందో! ఇంటికొచ్చి చూస్తే ఫొటోలో మాత్రం పాత దుప్పటి ఆరేసినట్టుంది. ఈ వానాకాలం పూర్తయ్యేలోగా ఆ బరువును ఫొటోలోకి తేవడం నేర్చుకోవాలనుకున్నాను. చేసిందంతా ఇక్కడ రాసుకుంటాను.

నా దగ్గరున్నవి నికాన్ డి5300, దాంతో వచ్చిన 18-55 లెన్స్, ల్యాప్‌టాప్‌లో ఫొటోలు దిద్దుకునే డార్క్‌టేబుల్. ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, పని గట్టిగా చేస్తుంది.

మొదట జేపెగ్ మీదే ప్రయత్నించాను. పైభాగం నల్లబరిచేసరికి ఆకాశం మెట్లు మెట్లుగా విడిపోయింది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 స్థాయిలే ఉంటాయి. మబ్బులో మెల్లగా మారే బూడిదరంగుకి వాటిలో కొన్నే దక్కుతాయి. వాటిని సాగదీస్తే మధ్యలో ఖాళీలు కనబడక తప్పదు. సెన్సర్ పట్టినదాన్ని కెమెరా దిద్దకుండా దాచే 14 బిట్ రా (raw) ఫైల్లో 16,384 స్థాయిలుంటాయి. ఇకనుంచి రా మాత్రమే.

జూలై 14

కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర పొద్దున్నే రెండు గంటలు గడిపాను. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 పెట్టి, అంటే కెమెరా చెప్పినదానికన్నా కాస్త చీకటిగా, తీశాను. మబ్బులో తెల్లటి చోటు ఒక్కసారి కాలిపోతే అక్కడ డేటా ఏమీ మిగలదు, ఎంత తగ్గించినా చప్పటి బూడిదరంగే వస్తుంది. నేల చీకటిగా పడితే ఫర్వాలేదు, తర్వాత ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు, పైకి లేపుకోవచ్చు.

ఫొటోని పైనుంచి కిందికి క్రమంగా నల్లబరిచే గ్రాడ్యుయేటెడ్ డెన్సిటీ వేశాను. ఆకాశం బాగానే వచ్చింది కానీ దాంతోపాటు గుమ్మటం పైసగం కూడా మసిపట్టినట్టు అయింది. గీత ఫొటోకి అడ్డంగా తిన్నగా పోతుంది, దానికి గుమ్మటం ఏదో మబ్బు ఏదో తెలీదు. వెలుతురును బట్టి మాస్క్ (మార్పు ఎక్కడ పడాలో చెప్పే హద్దు) చేద్దామంటే సున్నం పూసిన గుమ్మటం, వెనక మబ్బు దాదాపు ఒకే తెలుపు. చివరికి ఎక్స్‌పోజర్ మాడ్యూల్లో గ్రేడియెంట్ మాస్క్ వేసి, గుమ్మటం చుట్టూ పాత్ మాస్క్ చేత్తో గీసి, మాస్క్ మేనేజర్‌లో మొదటిదాన్నుంచి రెండోదాన్ని తీసేశాను. గీయడానికి నలభై నిమిషాలు పట్టింది. గుమ్మటం మొదట్లో చుట్టూ ఉండే పూరేకుల దగ్గరే సగం సమయం పోయింది. ఆ పని నాకు చాలా నచ్చింది. ఆ వంపును అంత శ్రద్ధగా అంతకుముందెప్పుడూ చూడలేదు.

అంచు మాత్రం కత్తిరించి అతికించినట్టుంది. మాస్క్ అంచును మెత్తబరిచే ఫెదరింగ్ రేడియస్ కొంచెం కొంచెంగా పెంచుతూ, 200 శాతం జూమ్‌లో గుమ్మటం వెంట ఒక చుట్టు తిరిగి చూశాను. రేడియస్ ఎక్కువైతే రాయి చుట్టూ తెల్లటి వలయం వస్తుంది. అది ఉన్న ఫొటో ఎంత బాగున్నా చూడబుద్ధి కాదు.

ఆగస్టు 4

వాన వెలిసిన రోజు నీలం బాగుంది. ఒక్కో రంగునీ విడిగా మార్చే కలర్ జోన్స్‌లో నీలం వెలుతురు తగ్గించాను. పైన అందంగా దిగింది. కింద, భవనాలకి దగ్గరగా, మచ్చలు మచ్చలుగా అయింది. అక్కడ దుమ్మూ తేమా కలిసి ఆకాశంలో రంగే తక్కువ. ఏ పిక్సెల్ నీలమో ఏది బూడిదో సాఫ్ట్‌వేర్ తేల్చుకోలేదు. అందుకే ఇప్పుడు రంగు జోలికి కొంచెమే వెళ్లి, మిగతాది ఎక్స్‌పోజర్‌తోనే తగ్గిస్తున్నాను.

ఆగస్టు 18

ఈ వానాకాలంలో నేర్చుకున్న పెద్ద సంగతి ఇవాళ్టిదే.

జూలైలో తీసిన ట్యాంక్‌బండ్ ఫొటో మళ్లీ తెరిచాను. ఆకాశం మైనస్ 1.2 స్టాప్‌లు. అంచులు శుభ్రం, మెట్లు లేవు, మబ్బు బరువు వచ్చింది. అయినా ఏదో తేడాగా ఉంది, ఏమిటో దొరకలేదు. ఆదివారం కదా, చిన్నాయన ఇంటికొచ్చాడు. ఫ్లెక్సీలు రాకముందు ఆయన షాపుల బోర్డులు రాసేవాడు, చెరువులూ కొండలూ కూడా వేసేవాడు. స్క్రీన్ వైపు కాసేపు చూసి, "నీళ్లు మెరుస్తున్నయేందిరా? మీద మబ్బు గింత నల్లగుంటే నీళ్లకు ఆ తెలుపు యాడికెళ్లి వచ్చింది?" అన్నాడు.

నిజమే. నీళ్లకి సొంత వెలుగు లేదు, ఆకాశం ఇచ్చిందే. అందులోనూ కొంత లోపలికి పోతుంది, మిగిలిందే మన కంటికి తిరిగొస్తుంది. అందువల్ల నీటిలో పడిన మబ్బు పైనున్న మబ్బు కన్నా కాస్త ముదురుగా ఉండాలి. నేను పైన తగ్గించి కింద వదిలేశాను.

"మరి ఎంత తగ్గించాలి చిన్నాయనా?" అంటే, "దూరంగ ఉన్న నీళ్లు మబ్బుతోని కలవాలె, నీ కాళ్ల దగ్గరియి ముదురుండాలె" అన్నాడు. దూరంగా చూపు నీటిని ఏటవాలుగా తాకుతుంది కాబట్టి దాదాపు అద్దంలా తిప్పికొడుతుంది. కాళ్ల దగ్గర చూపు కిందికి దిగుతుంది, తిరిగొచ్చేది తక్కువ. ఆయన లెక్కలేవీ చూడకుండా కుంచెతో నేర్చుకున్న మాట ఇది.

ఇంకో ఎక్స్‌పోజర్ మాడ్యూల్ తెరిచి తలకిందుల గ్రేడియెంట్ వేశాను. అవతలి గట్టు దగ్గర మైనస్ 1.2తో మొదలై, ఫ్రేమ్ అడుగున మైనస్ 1.6. విగ్రహాన్నీ దాని పీఠాన్నీ ముట్టుకోలేదు. నీటిలో విగ్రహం నీడ మాత్రం మాస్క్‌లోనే ఉంచాను, అదీ తగ్గాలి కదా. అంతే, ఫొటో కుదురుకుంది. వాన ఇంకో పది నిమిషాల్లో పడుతుందన్నట్టుంది.

సెప్టెంబర్ 22

గోల్కొండ, బాలా హిస్సార్ పైనుంచి. నీలం ముదురుగా ఉంది, నలుపు తెలుపులో చేశాను. నలుపు తెలుపులో ఏ రంగు ఎంత వెలుగ్గా పడాలో చెప్పే కలర్ కాలిబ్రేషన్‌లో రెడ్ పెంచి బ్లూ మైనస్‌లోకి తెస్తే ఆకాశం నల్లబడి మబ్బు పాలనురుగులా తేలింది. ఫిల్మ్ రోజుల్లో ఎర్ర ఫిల్టర్ చేసిన పని ఇదే. అంతకన్నా ముందు సమస్య తిరగబడి ఉండేది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలం నాటి గాజు ప్లేట్లకి నీలమంటేనే తొందర ఎక్కువ, కాబట్టి ఆకాశం తెల్లకాగితంలా మిగిలేది. ఇదే చిక్కుకి 1850ల్లోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రానికొకటి, మబ్బుకొకటి చొప్పున రెండు నెగెటివ్‌లు కలిపి ప్రింట్ చేశాడు.

అక్టోబర్ 12

ట్యాంక్‌బండ్ ఫొటో 12×18 అంగుళాల మ్యాట్ ప్రింట్ వచ్చింది. మబ్బు అడుగు పూర్తిగా నల్లగా మూసుకుపోయింది. ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్ నిండుగా పెట్టుకుని ఎడిట్ చేయడం నా పొరపాటు. సగానికి తగ్గించి చూస్తే ప్రింట్‌లో ఉన్నదే స్క్రీన్ మీదా కనిపించింది. ఆకాశాన్ని మైనస్ 0.8కి, నీళ్లని గట్టు దగ్గర మైనస్ 0.8కి, అడుగున మైనస్ 1.2కి మార్చాను, రెంటి మధ్య తేడా మాత్రం కదపలేదు. ఎక్స్‌పోర్ట్‌కి ముందు, మెట్లు కనబడకుండా సన్నని గరుకు చల్లే డిథరింగ్ కూడా కాస్త కలిపాను. రెండో ప్రింట్ శనివారం వస్తుంది. ఫ్రేమ్ కట్టించి చిన్నాయన ఇంట్లో, ఆయన వేసిన పాత చెరువు బొమ్మ పక్కన మేకు కొట్టాలి.