నాన్న వదిలేసిన జామకాయ

కాశీకి వెళ్తే కాయో పండో వదిలేసి రావాలంటారు. చాలామంది కాకరకాయ వదిలేస్తారు, ఎటూ ఇష్టం లేనిదే కాబట్టి. మా నాన్న జామకాయ వదిలేశాడు. తెనాలి దగ్గర మా ఊళ్ళో, పెరట్లో బావి పక్కన ఏటా విరగగాసే జాంచెట్టు ఉంది. వేసవి మధ్యాహ్నాలు దాని కిందే మడతమంచం వేసుకుని పడుకునే మనిషి ఆయన.

అది 1994. తాతయ్య పోయిన మరుసటేడు. బాబాయిని తోడు తీసుకుని నాన్న విజయవాడలో గంగాకావేరి రైలెక్కాడు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమన్న మాట ఇంకా పెద్దవాళ్ళ నోళ్ళలో ఉండేది. నాయనమ్మ గుమ్మంలో నిలబడి కళ్ళొత్తుకోవడం నాకు గుర్తు. క్షేమంగా చేరామని రాసిన కార్డు మాకు అందిన రెండో రోజుకే మనిషి ఇంటికొచ్చేశాడు.

ఆ తర్వాత పోయేదాకా ఒక్క జామ ముక్క నోట పెట్టలేదు. మాకు మాత్రం తనే కోసిపెట్టేవాడు. దోరకాయలు ఏరి, చాకుతో నాలుగు ముక్కలు చేసి, ఉప్పూ కారం అద్ది, ఇచ్చేముందు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. "తినకూడదు గానీ, వాసన చూడొద్దని ఎవరూ చెప్పలేదురా" అనేవాడు.

మొన్న కార్తీకంలో అమ్మని తీసుకుని నేను బయల్దేరాను. హైదరాబాదు నుంచి విమానంలో రెండు గంటలు. దిగేటప్పుడు అమ్మ, "ఇంతేనా? మీ నాన్న రెండు రాత్రులు కూర్చుని వెళ్ళాడే" అంది. ఆయన దిగిన ఆంధ్రాశ్రమంలోనే మేమూ దిగాం. నాన్న చెప్పిన కాశీ అంతా సందులే. ఆవు ఎదురైతే గోడకి అతుక్కుపోయి దారివ్వాలని, చెయ్యి వదిలితే మనిషి దొరకడని చెప్పేవాడు. 2021 డిసెంబరులో విశ్వనాథుడి గుడి చుట్టూ కట్టిన కారిడార్ తెరిచాక లలితా ఘాట్ మెట్లెక్కితే గుడిదాకా విశాలమైన రాతి ఆవరణే. ఆ సందులు చూడాలని నాకుండేది. కానీ అమ్మ మోకాళ్ళ నొప్పులు తెలిసినవాణ్ణి, ఆ ఖాళీ చూసి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

అసలు పని గయలో.

ఫల్గునది గురించి నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. సీతమ్మ దశరథుడికి ఇసుకతో పిండం పెడితే, రాముడు అడిగినప్పుడు ఆ నది చూడలేదని అబద్ధం ఆడిందట. అక్షయవటం ఒక్కటే నిజం చెప్పిందట. అందుకే నది ఇసుక కింద పారుతుంది, మర్రిచెట్టు వాడిపోదు అంటారు. నాన్న వెళ్ళినప్పుడు మూరెడు లోతు ఇసుక తవ్వితే నీరు ఊరిందట, దోసిలితో చెంబులోకి ఎత్తుకున్నాడట. నేను వెళ్ళేసరికి విష్ణుపాదం గుడి పక్కన నిండా నీళ్ళు. 2022లో రబ్బరు డ్యాము కట్టారు. మెట్లు దిగి మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, వంగి అడుగునుంచి గుప్పెడు ఇసుక తీశాను. నాన్న తవ్వింది ఈ ఇసుకే కదా అనిపించింది.

పురోహితుడు తెలుగు బాగానే మాట్లాడాడు. గోత్రం, పేర్లు అడిగాడు. నాన్న పేరు చెప్పగానే వసురూపం అన్నాడు. తాతయ్య రుద్రరూపం. ముత్తాత ఆదిత్యరూపం. నా చెయ్యి ఆగిపోయింది. చిన్నప్పటినుంచీ మా ఇంట్లో తద్దినానికి వసురూపం అంటే తాతయ్య. నాన్న వచ్చి ఆ చోట కూర్చుంటే తాతయ్య ఒక మెట్టు పైకి జరిగాడు, ముత్తాత ఇంకో మెట్టు. మరి 1994లో ఇదే ఒడ్డున నాన్న మూడోవాడుగా చెప్పిన పేరు? ఆయన నా లెక్కలో లేడు. పేరేమిటో నాకు తెలీదు, అమ్మకీ తెలీదు. అడిగితే చెప్పేవాడు నాన్న ఒక్కడే. అడగలేదు. ఫోన్లు చేశాను, డబ్బులు పంపాను, భోంచేశావా అని అడిగాను. ఆ పేరు అడగాలని తోచలేదు.

సంగతి చెప్తే పురోహితుడు తొందరపడలేదు. "ఇది గయ బాబూ. ఇక్కడ పేరు తెలియనివాళ్ళకీ పెట్టొచ్చు. స్నేహితులకి, దిక్కులేనివాళ్ళకి, గొడ్డూ గోదకి కూడా" అన్నాడు. ఆ పేరు తెలియని తాతకి ఒక పిండం పెట్టాను. ఇంకొకటి నాన్న ఎద్దు రాముడికి. ట్రాక్టరు వచ్చాక కూడా అమ్మకుండా, చచ్చేదాకా కొట్టంలోనే కట్టేసి మేపిన ఎద్దు అది. అమ్మ వెనక నుంచి, "సీతాలుకి కూడా పెట్టు, అది వట్టిపోయినా అమ్మనివ్వలేదు" అంది. ఆవుకీ పెట్టాను.

విష్ణుపాదం మీద పిండాలు పెట్టి, చివరికి అక్షయవటం కిందికి చేరాం. ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు వదలమన్నాడు. జామ అందామని నోరు తెరిచాను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"అది వద్దు నాన్నా. మీ నాన్న వదిలింది నువ్వూ వదిలితే ఆ చెట్టు కాయలు ఎవరు తింటారు? నువ్వు తింటుంటే ఆయన చూసేవాడు."

సీతాఫలం వదిలాను. అదీ నాకు ప్రాణమే. కాయ దొండకాయ, ఆకు తోటకూర.

బయట బండి మీద జామకాయలు పోసి అమ్ముతున్నారు. అమ్మ వంగి, ఒక్కొక్కటీ నొక్కి చూసి, దోరదొకటి ఏరింది. అమ్మేవాడు నాలుగు ముక్కలు చేసి నల్ల ఉప్పు చల్లాడు. మూడు నా చేతిలో పెట్టింది. నాలుగోది తను తీసుకుంది. తినలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ జనంలో అలాగే నిలబడింది.