అమెరికా వీసాకి బ్యాంకాక్ వెళ్లాం: నా అనుభవం

2022 చివర్లో హైదరాబాద్‌లో అమెరికా విజిటర్ వీసా ఇంటర్వ్యూకి తేదీ కావాలంటే 900 రోజుల పైచిలుకు ఆగాలి. కోవిడ్ మూసివేతల తర్వాత ఢిల్లీ, ముంబై, చెన్నై, ఎక్కడ చూసినా దాదాపు అంతే. మా అమ్మాయి ఉండేది డల్లాస్‌లో. డెలివరీ 2023 జూన్‌లో. ఆ లెక్కన మేం వెళ్లేసరికి మనవడో మనవరాలో తనే నడిచొచ్చి తలుపు తీసేలా ఉంది.

అర్జెంటు అపాయింట్‌మెంట్ అడుగుదామంటే ఆ నిబంధనల్లోనే రాసి ఉంది. పెళ్లిళ్లు, పట్టా పుచ్చుకునే వేడుకలు, గర్భిణి అయిన బంధువుకి తోడుగా వెళ్లడం, ఇవేవీ అర్జెంటు కింద రావు. వైద్యం, అంత్యక్రియల లాంటివైతేనే చూస్తారు. కూతురి పురుడు అర్జెంటు కాకపోవడమేంటని నేను కాసేపు గొణుక్కున్నాను. మా వారు మాత్రం రూలు రూలే అని ఆ పేజీ మూసేశారు.

ఈలోగా ఒక ట్రావెల్స్ అబ్బాయి తగిలాడు. తలకింత ఇస్తే హైదరాబాద్‌లోనే స్లాట్ పట్టిస్తానన్నాడు, మా లాగిన్, పాస్‌వర్డ్ తనకి ఇచ్చేయాలట. ఆ ఖాతాలో పాస్‌పోర్టు నంబరు దగ్గర్నుంచి అన్నీ ఉంటాయి, మాటిమాటికీ లాగిన్ అయితే ఖాతా లాకైపోతుందని కూడా విన్నాం. దండం పెట్టి పంపించేశాం.

2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని అమెరికా ఎంబసీ వాళ్లే ఓ ప్రకటన చేశారు. వేరే దేశానికి వెళ్లే పని ఉన్నవాళ్లు అక్కడి అమెరికా ఎంబసీలో ప్రయత్నించుకోవచ్చని, ఉదాహరణకి థాయ్‌లాండ్ వెళ్లే భారతీయుల కోసం బ్యాంకాక్‌లో బీ1/బీ2 అపాయింట్‌మెంట్లు తెరిచారని. అక్కడ నిరీక్షణ అప్పట్లో రెండు వారాలేనని పేపర్లలో వచ్చింది. బీ1 వ్యాపారం పని మీద వెళ్లేవాళ్లకి, బీ2 చుట్టపుచూపుకి, షికారుకి. ఒకే వీసా మీద రెండూ కలిపి ఇస్తారు.

బంధువుల్లో సగం మంది వద్దన్నారు. పరాయి దేశంలో అడిగితే రిజెక్ట్ చేస్తారు, ఫీజు పోయె, విమానం డబ్బులూ పోయె అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. అమెరికా చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. దాని ప్రకారం వీసా అడిగిన ప్రతివాడూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే ముందు అనుకుంటారు, కాదని మనం ఒప్పించాలి. హైదరాబాద్‌లో కూర్చునే ఆఫీసరుకి మన పింఛన్లు, మన ఉద్యోగాలు, మన కుటుంబాల తీరు రోజూ చూసి చూసి అలవాటై ఉంటాయి. బ్యాంకాక్ ఆఫీసరుకి అవన్నీ కొత్త. పైగా హైదరాబాద్‌లో తెలుగులో మాట్లాడొచ్చు. బ్యాంకాక్‌లో ఇంగ్లీషో, థాయో. ఇద్దరిలో ఒక్కరికీ ఇంగ్లీషు రాని పెద్దవాళ్లయితే నేనైతే అప్పుడు కూడా వెళ్లొద్దనే చెప్పేదాన్ని. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా వారు విద్యుత్ శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) చేశారు. మా ఇంగ్లీషు గొప్పదేం కాదు, అడిగిందానికి జవాబు చెప్పేపాటిది.

డీఎస్ 160 అనే వీసా దరఖాస్తు ఫారం ఆన్‌లైన్లో మళ్లీ కొత్తగా నింపాం, ఇంటర్వ్యూ ఊరు బ్యాంకాక్ అని ఎంచుకుని. మనిషికో ఫారం. ఇరవై నిమిషాలు కదలకుండా వదిలేస్తే పేజీ మూసుకుపోతుంది, మొదట్లో ఇచ్చే అప్లికేషన్ నంబరు రాసి పెట్టుకోవాలి. అన్నిటికంటే మనవాళ్లకి చిక్కు పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒక్కచోటే ఉంటే, ఫారంలో ఆ మొత్తం పేరుని ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని రాయాలి. మా ఇద్దరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు విడిగానే ఉంది కాబట్టి ఆ గొడవ లేదు. మా చెల్లెలి పాస్‌పోర్టు మాత్రం అచ్చం అలాంటిదే. ఫొటోకి కళ్లజోడు తీసేయాలి. ఐదేళ్లుగా వాడిన సోషల్ మీడియా ఖాతాలు రాయమంటే మా వారు ఫేస్‌బుక్కు ఒకటి రాసి, ఇంకేమైనా మర్చిపోయానా అని సాయంత్రమంతా ఆలోచించారు.

ఫీజు అప్పటికి 160 డాలర్లు. ఆ జూన్‌లో 185 చేశారు. ఒక దేశంలో కట్టిన ఫీజు ఇంకో దేశంలో చెల్లదు, ఇది చాలామంది చివర్లో తెలుసుకునే సంగతి. హైదరాబాద్ కోసం కట్టినవాళ్లు బ్యాంకాక్ కోసం మళ్లీ కట్టాల్సిందే, అదీ థాయ్ బాట్లలో. మా వారి స్నేహితుడి కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు, ఆ బాబే బ్యాంకులో కట్టి రసీదు నంబరు పంపాడు. ఆ నంబరు వేశాక క్యాలెండర్ తెరుచుకుంది. మార్చి మొదటి వారం లోపలే ఖాళీలు కనపడ్డాయి.

థాయ్‌లాండ్‌కి మనకి అప్పట్లో వీసా ఆన్ అరైవల్. 2,000 బాట్లు నగదు, ఒక ఫొటో, తిరుగు టికెట్టు, హోటల్ బుకింగు, చేతిలో మనిషికి 10,000 బాట్లు లేదా కుటుంబానికి 20,000 ఉన్నట్టు చూపించాలి. బాటు అప్పుడు మన రూపాయల్లో రెండున్నరకి కాస్త తక్కువ. మామూలుగా ఆ వీసా మీద పదిహేను రోజులే ఉండనిచ్చేవాళ్లు. 2022 అక్టోబరు నుంచి 2023 మార్చి చివరిదాకా ముప్ఫై రోజులు చేశారు. మాకు అదే కొండంత అండ. ఎందుకంటే ఇంటర్వ్యూ అయ్యాక పాస్‌పోర్టు ఎంబసీ దగ్గర ఉండిపోతుంది. అది చేతికొచ్చేదాకా విమానం ఎక్కలేం. పదిహేను రోజుల గడువుతో ఆ పని పెట్టుకుంటే రోజూ గుండె గుభేలే. అందుకే తేదీ మార్చుకోగలిగే తిరుగు టికెట్టు కొన్నాం. కాస్త ఎక్కువైనా అక్కడ పిసినారితనం పనికిరాదు.

బస బ్యాంకాక్‌లో ప్రతూనామ్ అనే పేటలో. మన భోజనం దొరుకుతుంది, ఎంబసీకీ మరీ దూరం కాదు. ఎంబసీ ఉన్నది వైర్‌లెస్ రోడ్డులో. ప్లోన్ చిత్ అనే స్కైట్రైన్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. ముందురోజు సాయంత్రమే వెళ్లి దారి చూసి వచ్చాం. ఇంటర్వ్యూ పొద్దున ఫోన్లు హోటల్ గదిలోనే వదిలేశాం. లోపలికి ఎలక్ట్రానిక్ వస్తువులేవీ రానివ్వరు. చేతిలో ఫోను లేకుండా పరాయి ఊళ్లో నడుస్తుంటే ఎంత వెలితిగా ఉంటుందో అప్పుడే తెలిసింది. హోటల్ కార్డు ఒకటి నా పర్సులో, ఒకటి మా వారి జేబులో. తప్పిపోతే ఎవరి దారిన వాళ్లు రావాలి కదా.

మా వారి చంకలో ఫైలు. పొలం కాగితాలు, ఇంటి పన్ను రసీదులు, పింఛను పత్రాలు, ఆస్తుల విలువ మీద సీఏ ఇచ్చిన సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అన్నిటికీ రంగు రంగుల చీటీలు అంటించి. పెళ్లికి శుభలేఖలు సర్దినంత శ్రద్ధగా సర్దారు.

మన దగ్గర వేలిముద్రలకి ఒకరోజు, ఇంటర్వ్యూకి ఒకరోజు. అక్కడ రెండూ ఒకే పూట. ఎడమచేతి నాలుగు వేళ్లు, కుడిచేతి నాలుగు వేళ్లు, తర్వాత రెండు బొటనవేళ్లు కలిపి. నా కుడిచేతి వేళ్లు యంత్రానికి ఒక పట్టాన ఆనలేదు. సుద్దముక్క పట్టి పట్టి గీతలు అరిగిపోయాయని మా వారు చెవిలో అన్నారు. అక్కడి అమ్మాయి నా వేళ్లు తడిగుడ్డతో తుడిచి, పైన తన చెయ్యి వేసి నొక్కితే అప్పుడు ఆకుపచ్చ లైటు వెలిగింది.

వరసలో మన మొహాలు బాగానే కనపడ్డాయి. మా ముందు కిటికీ దగ్గర ఓ పెద్దాయన గడగడా అప్పజెబుతున్నాడు, ఆఫీసరు అడిగిన దానికీ ఆయన చెప్పేదానికీ పొంతన లేదు. మా అమ్మాయి కూడా వారం ముందు నుంచి వీడియో కాల్లో మా ఇద్దరికీ జవాబులు వల్లె వేయించింది. ‘డెలివరీ అనకమ్మా, ఊరికే చూడ్డానికి అను’ అని ఆ పిల్ల సలహా. నాకది నచ్చలేదు. ముప్ఫై ఏళ్లు పిల్లల అబద్ధాలు మొహం చూసి పట్టేసినదాన్ని, ఆ ఆఫీసరు మాత్రం పట్టలేడా?

అద్దం వెనక కుర్రాడే. మా అబ్బాయి వయసు ఉంటుందేమో. నమస్తే అన్నాడు. ఎందుకెళ్తున్నారని అడిగాడు. మా అమ్మాయికి జూన్‌లో పురుడు, దగ్గర ఉండాలని, అన్నాను. మరి బ్యాంకాక్ ఎందుకొచ్చారన్నాడు. హైదరాబాద్‌లో డేటు రెండేళ్ల తర్వాత ఉంది, బిడ్డ అంతదాకా ఆగదు కదా, అన్నాను. నవ్వాడు. అల్లుడు ఏం చేస్తాడు, ఏ వీసా మీద ఉన్నాడు, మీకు ఇంకా పిల్లలున్నారా అని అడిగాడు. అబ్బాయి బెంగళూరులో ఉంటాడని చెప్పాను. నా ఉద్యోగం అడిగినప్పుడు జిల్లా పరిషత్ అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ ముక్క ఆయనకేం తెలుస్తుంది? గవర్నమెంటు హైస్కూల్లో మ్యాథ్స్ టీచర్ని, ఇప్పుడు పింఛను వస్తుంది, మా వారికీ వస్తుంది, అన్నాను. ఎన్నాళ్లుంటారు అన్నది మా వారిని అడిగాడు. నవంబరులో వచ్చేస్తాం, మా అమ్మకి ఎనభై ఆరు, తమ్ముడి దగ్గర వదిలి వెళ్తున్నాం, అంతకంటే ఉండలేం, అన్నారు ఆయన. అని ఫైలు పైకెత్తారు.

ఆఫీసరు ఫైలు వంక చూడనైనా చూడలేదు. కీబోర్డు మీద ఏదో కొట్టి, రెండు పాస్‌పోర్టులూ తన పక్కన పెట్టుకుని, వీసా అప్రూవ్ అయిందని చెప్పి చీటీ ఇచ్చాడు. బయటికొచ్చాక మా వారికి వీసా వచ్చిన సంతోషం కంటే సీఏ సర్టిఫికెట్‌కి పోసిన డబ్బుల బాధే ఎక్కువగా ఉంది.

అసలు కథ ఆ తర్వాతే మొదలైంది. ఎంబసీకి అమెరికా సెలవులూ ఉంటాయి, థాయ్ సెలవులూ ఉంటాయి. మార్చి 6 మాఖ బూచా అని వాళ్ల బౌద్ధ పండగ, ఆ రోజు ఆఫీసులు మూసేశారు. పాస్‌పోర్టు పోస్టులో వస్తుంది. రోజుకి నాలుగుసార్లు ఫోన్లో స్టేటస్ చూడటం, అది అక్కడే ఉండటం. బయటికి వెళ్లినా పాస్‌పోర్టు కాపీ, అందులో థాయ్ స్టాంపు పడిన పేజీ కాపీ, ఎంబసీ ఇచ్చిన చీటీ మా దగ్గరే. ఎవరూ అడగలేదు. కానీ చేతిలో పాస్‌పోర్టు లేని మనిషికి దారిలో కనపడిన ప్రతి పోలీసూ తనవైపే వస్తున్నట్టు ఉంటుంది.

గదిలో కూర్చుంటే పిచ్చెక్కుతుందని చిత్ లోమ్ స్టేషన్ పక్కనే ఉన్న ఎరావాన్ గుడికి వెళ్లాం. పెద్ద కూడలిలో, మాల్స్ మధ్య, నాలుగు ముఖాల బ్రహ్మ. 1956లో పెట్టారట. బ్రహ్మకి పూజలుండవని మనం చెప్పుకుంటాం. ఇక్కడ చూస్తే బంతిపూల దండలు కుప్పలు కుప్పలు, ఒక్కో ముఖానికీ విడిగా అగరొత్తులు, మొక్కు తీరినవాళ్లు డబ్బు కట్టి ఆడించే నాట్యం. నేనూ నాలుగు వైపులా తిరిగి దండం పెట్టాను. మన దగ్గర ఖాళీగా ఉంటాడు కాబట్టి మా దరఖాస్తు త్వరగా చూస్తాడేమోనని మా వారి పరాచికం.

చివరికి స్టేటస్‌లో ‘ఇష్యూడ్’ అని పడింది. తర్వాత పోస్టు కవరు హోటల్ రిసెప్షన్‌కి వచ్చింది. అక్కడే నిలబడి ముందు పేర్ల స్పెల్లింగు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు సరిచూసుకున్నాం. పదేళ్ల వీసా, ఎన్నిసార్లైనా వెళ్లొచ్చు. వెళ్లినప్పుడల్లా ఎన్నాళ్లు ఉండనిస్తారన్నది మాత్రం అక్కడి ఎయిర్‌పోర్టులో ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు చేతిలో పని. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు, మాకూ అంతే ఇచ్చారు. జూన్‌లో మనవరాలు పుట్టింది.

మా సంగతి తెలిసి ఇప్పటికీ కొందరు ఫోన్లు చేస్తుంటారు. బ్యాంకాకో, కొలంబోనో వెళ్లమంటారా అని. ఆ దారి ఇప్పుడు లేదు. 2025 సెప్టెంబరు 6న అమెరికా విదేశాంగ శాఖ కొత్త నిబంధన పెట్టింది. ఇలాంటి వీసాలకి ఎవరైనా తమ సొంత దేశంలోనో, తాము నివాసం ఉంటున్న దేశంలోనో ఇంటర్వ్యూకి వెళ్లాలి. షికారుకి వెళ్లిన దేశంలో అడిగితే అర్హత చూపించడం కష్టమవుతుందని, కట్టిన ఫీజు తిరిగి రాదని వాళ్లే చెప్తున్నారు. పాత వీసా ఉన్నవాళ్లకి ఇంటర్వ్యూ లేకుండా రెన్యువల్ చేసే వెసులుబాటు కూడా అదే నెలలో కుదించారు. బీ1/బీ2 గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ కిటికీ ముందు నిలబడాల్సిందే.

మా ఆడపడుచు వాళ్లు ఇప్పుడు హైదరాబాద్ డేటు కోసమే చూస్తున్నారు. కాన్సులేట్ కూడా బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడకి మారిపోయింది. ఆ కోడలికి డెలివరీ సంక్రాంతి తర్వాతట. క్యాన్సిలైన స్లాట్లు మధ్యలో పడుతుంటాయి, తెల్లారుజామున ఒకసారి చూడు, పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వకు వదినా అని చెప్పాను.