కుక్కలకు పెట్టాకే మనకు

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో నేను నర్సుని. డ్యూటీ ఉదయం 7 నుంచి రాత్రి 7 దాకా. మా ఆయన ఇంకా ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రపు ఒడ్డున ప్రూడో బే చమురు క్షేత్రాల్లో ఇంజినీరు. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. 'స్లోప్' (ఆ ఉత్తరపు చమురు ప్రాంతాన్ని ఇక్కడ అలా అంటారు) ఉద్యోగాలు చేసే చాలామంది కాపురాలు ఇక్కడ ఇలాగే నడుస్తాయి. ఇద్దరు పిల్లలు. పెరట్లో ఏడు స్లెడ్ కుక్కలు, అంటే మంచు మీద బండి లాగేవి. ఇండియా నుంచి ఎవరు ఫోన్ చేసినా ఉద్యోగాల సంగతి విని అబ్బో అంటారు, కుక్కల సంగతి వినగానే "ఈ తద్దినం ఎందుకు కొని తెచ్చుకున్నావే" అంటారు.

కొనలేదు. మా కుక్కల్లో ఎక్కువ భాగం రిటైరైనవి. పందేల కెన్నెళ్లలో వయసు మీదపడి జోరు తగ్గిన కుక్కల్ని తెలిసినవాళ్లకి ఇచ్చేస్తుంటారు. మా వీధి చివర మషర్ ఒకాయన (కుక్కల బండి తోలేవాళ్లని ఇక్కడ అలాగే అంటారు) మా అమ్మాయికి, పెద్దదానికి, ఒక కుక్కని ఇచ్చాడు, కుక్క లాగుతుంటే స్కీయింగ్ చేయడం నేర్చుకుంటానంటే. ఒంటరిగా ఉంటే దిగులు పెట్టుకుంటుందని ఇంకోటి వచ్చింది. తర్వాత జరిగింది ఎవరైనా ఊహించగలరు. చూడటానికి ఇవి సినిమాల్లో కనిపించే నీలికళ్ల బొచ్చు కుక్కల్లా ఉండవు. అలాస్కన్ హస్కీ అంటారు గానీ కెన్నెల్ క్లబ్బులు గుర్తించిన జాతి కాదు. బక్కపలచగా, కాళ్లు పొడుగ్గా, తలా ఓ రంగులో ఉంటాయి. పరుగు కోసం తరతరాలుగా కలుపుతూ వచ్చిన రకం. ఒక్కో ఈతలో పుట్టిన పిల్లలన్నిటికీ ఒకే వరస పేర్లు పెట్టడం మషర్ల అలవాటు. మా వాటిలో మూడు చీజ్ రకాల పేర్ల వరసలో పుట్టాయి. వాటిలో పెద్దది చెడ్డర్. మా నాన్నకి ఆ పేరు నోరు తిరగక చెడ్డోడు అంటాడు. కుక్క రెండిటికీ పలుకుతుంది.

ఉద్యోగం, కుక్కలు, పిల్లలు ఎలా కుదురుతాయని అడుగుతారు. కుదరవు. డ్యూటీ వంగదు, కుక్కలూ వంగవు, మిగతావన్నీ వంగుతాయి. ఇల్లు సర్దడం వంగింది. ఆన్‌లైన్ తెలుగు క్లాసు ఆదివారం పొద్దున్నే, సరిగ్గా కుక్కల్ని పరుగుకి తీసే వేళకే ఉండేది, అది పోయింది. తెలుగువాళ్ల పండగలు, పాట్‌లక్‌లు ఎక్కువగా యాంకరేజ్‌లో. 360 మైళ్లు. ఏడు కుక్కల్ని ఎవరికో అప్పగించి, మంచు రోడ్డు మీద అంత దూరం డ్రైవ్ చేసి పులిహోర తినొచ్చే ఓపిక నాకు లేదు. మా పెద్దది కూచిపూడి నేర్చుకోవడం లేదని బాధపడే బంధువులున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, అంతే.

శీతాకాలం పొద్దుటి పని చెబుతాను. డిసెంబర్‌లో ఇక్కడ సూర్యుడు 11కి వచ్చి 3 కాకుండానే వెళ్లిపోతాడు. కాబట్టి అంతా చీకట్లోనే, తలకి లైటు కట్టుకుని. ముందు నీళ్లు. గట్టి చలిలో ఉత్త నీళ్లు పోస్తే స్లెడ్ కుక్కలు సరిగ్గా తాగవు. గోరువెచ్చని నీళ్లలో కాస్త మాంసమో చేపో, గుప్పెడు కుక్కల మేతో కలిపి పోస్తే ఆ వాసనకి గటగటా తాగేస్తాయి. ఆలస్యం చేస్తే గిన్నెలో మిగిలేది ఐసుగడ్డే. తర్వాత పెంట ఎత్తడం. గడ్డకట్టి నేలకి అతుక్కుపోయి ఉంటుంది, పారతో కొట్టి లేపాలి. ఇది మా చిన్నోడి పని. పెంట పలచగా ఉందా, రక్తం పడిందా చూసి నాకు చెప్పాలి. ఏ కుక్క లేవడానికి బద్ధకించింది, ఏది ఏ కాలు దాచుకుంటోంది చూడటం నా వంతు. గూళ్లలో గడ్డి తడిసిందేమో చూడాలి. దుప్పటి వేస్తే వెచ్చగా ఉంటుందనుకుంటారు కొత్తవాళ్లు. దుప్పటి కుక్క ఊపిరికి చెమ్మగిల్లి పలకలా బిగుసుకుపోతుంది. ఎండుగడ్డి అలా కాదు, పొడిగా ఉండి వేడిని పట్టుకుంటుంది.

ఇదంతా అయ్యాకే ఇంట్లో పాలు కాచేది. కుక్కలకి పెట్టకుండా మేం తినం. ఈ నియమం నేను పెట్టింది కాదు, ఇక్కడ కుక్కలున్న ఇళ్లన్నీ పాటించేదే. కాకపోతే నాకు ముందే తెలిసిన నియమం. ఒంగోలు దగ్గర మా పల్లెలో ఎడ్లకి దాణా పెట్టకుండా మా నాన్న కంచం ముందు కూర్చోవడం నేను చూడలేదు.

పరుగున్న రోజు బూటీలు తొడగాలి. ఏడు కుక్కలకి 28 గుడ్డ బూట్లు. వెల్క్రో పట్టీ బిగువైతే కాలికి రక్తం ఆడదు, వదులైతే దారిలో ఊడిపోయి వేళ్ల మధ్య మంచు ఉండలు కడుతుంది. గ్లవ్స్‌తో ఈ పని జరగదు, తీసేసి చేయాల్సిందే. నాలుగో కుక్క దగ్గరికి వచ్చేసరికి మన వేళ్లు మనవి కావు. చిన్నోడు చేతులు చంకల్లో పెట్టుకుని గంతులేస్తూ తెలుగులో తిడతాడు. ఏ క్లాసులోనూ నేర్పని తెలుగు అది. తాతయ్య ఫోన్లో ఎవరినో తిడుతుండగా పట్టేశాడు.

మైనస్ 40 వచ్చిందంటే పరుగు లేదు. ఆ అంకె దగ్గర ఫారెన్‌హీటూ సెల్సియసూ ఒకటే. కారుకి రాత్రంతా కరెంటు ప్లగ్గు పెట్టి ఉంచకపోతే ఇంజిన్ కదలదు. అయినా స్కూలు ఉంటుంది, డ్యూటీ ఉంటుంది. మా ఆయన స్లోప్‌లో ఉన్న వారాల్లో నా డ్యూటీ రోజు పడితే సాయంత్రం మేత పెద్దదే చూసుకుంటుంది. దానికి 15. పన్నెండు గంటలు నిలబడి ఇంటికొచ్చేసరికి కుక్కల గిన్నెలు కడిగి బోర్లించి ఉంటే ప్రాణం లేచొస్తుంది. హోంవర్క్ మిగిలి ఉంటుంది, అది వేరే టెన్షన్. మా వార్డులో షిఫ్టులు మార్చుకునేటప్పుడు అందరూ క్రిస్మస్ అడుగుతారు, నేను మార్చి అడుగుతాను. ఓపెన్ నార్త్ అమెరికన్ అనే కుక్కల బండ్ల పందెం మా ఊళ్లోనే, మార్చిలో జరుగుతుంది. 1946లో మొదలైన పందెం. పిల్లల పందేలు వేరే ఉంటాయి. చిన్నవాళ్లు ఒక్క కుక్కతో బండి పరిగెత్తిస్తారు. మా చిన్నోడు అలాగే మొదలుపెట్టాడు.

మా అత్తయ్య వచ్చి ఉన్న నెలలో కుక్కల సంగతి ఇంకో రకంగా తేలింది. ఆవిడకి మడి ఉంది. కుక్క గడప దాటిందంటే ఇల్లంతా కడగాల్సిందే. ముసలి చెడ్డర్‌కి కీళ్లనొప్పులు, గట్టి చలి రోజుల్లో రాత్రి ఇంట్లోనే పడుకుంటుంది. దాన్ని బయట కట్టేయమని నేను అనలేను, ఆవిడని సర్దుకోమనీ అనలేను. చివరికి చిన్నోడు హాల్లో నేల మీద రంగు టేపు అంటించాడు. టేపుకి అటు దేవుడి గది, నానమ్మ, వంటిల్లు. ఇటు చెడ్డర్. కుక్క గీత దాటలేదు. పిల్లాడు ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసి కూర్చుని హోంవర్క్ చేసుకునేవాడు. ఆవిడ వెళ్లేలోపు మడి సడలిందని రాయడానికి బాగుంటుంది గానీ, సడలలేదు. రెండు పూటలా గీత దాకా వచ్చి "అది తిన్నదిరా?" అని మాత్రం అడిగేది.

మా నాన్న తీరు వేరు. ఆయన ఒకప్పుడు ఒంగోలు జాతి ఎడ్లని మేపి, తిరునాళ్లలో బండలాగుడు పోటీలకి తోలినవాడు. ఇప్పుడు ఎడ్లు లేవు, ట్రాక్టరుంది, అదీ అద్దెకి. కుక్కలు మొదటిసారి వీడియో కాల్లో కనిపించినప్పుడు ఆయన ముద్దు చేయలేదు, మొరిగితే నవ్వలేదు. "దానికి ఎన్ని పళ్లు?" అన్నాడు. పోటీల్లో ఎడ్లని వయసు లెక్కన రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి అని విడదీస్తారు కదా, ఆ లెక్క. మేం వెచ్చని నీళ్లు కలుపుతుంటే చూసి "కుడితి పెడుతున్నారన్నమాట" అని తృప్తిపడ్డాడు. పగ్గాలేవని అడిగాడు. లేవని చెప్పాం. స్లెడ్ కుక్కలకి కళ్లెం, పగ్గం ఏమీ ఉండవు. 'జీ' అంటే కుడికి, 'హా' అంటే ఎడమకి. ముందున్న లీడ్ కుక్క మాట విని తిరిగితే మిగతావి తిరుగుతాయి. వినకపోతే నీ ఖర్మ. నాన్న చాలాసేపు నమ్మలేదు.

ఒకరోజు పెద్దది ఫోన్ జేబుకి తగిలించుకుని కుక్కల్ని పరిగెత్తిస్తూ ఆయనకి చూపించింది. చీకట్లో, లైటు వెలుగులో, ఊగిపోయే వీడియో. ఆయన ఒక నిమిషం చూసి, "అమ్మడూ, దాపటిది లాగడం లేదు, దాని తాడు చూడు" అన్నాడు. నిజమే. ఎడమవైపు వెనకదాని టగ్‌లైన్ వదులుగా వేలాడుతోంది. పరిగెడుతోంది గానీ బరువు పట్టడం లేదు. ఆపి చూస్తే ఒంటికి బిగించే హార్నెస్ పట్టీ ఒరుసుకుని చంక కింద ఎర్రగా కందిపోయింది. కాడి రాపిడికి మెడ పుండు పడితే ఎద్దు ఎలా చేస్తుందో ఆయనకి తెలుసు. ఆ తర్వాత పెద్దదానికి అనుమానం వచ్చిన ప్రతిసారీ నన్ను కాదు, తాతయ్యని అడుగుతుంది. నాకు జంతువుల గురించి ఏం తెలుసు, నేను మనుషుల నర్సుని. తాతయ్యకి ఇంగ్లీషు రాదు కాబట్టి దాని తెలుగుకి సాన పడింది. కీలు, మడమ, వాపు, చీము, కట్టు. ఆ మాటలు ఇప్పుడు దానికి నాకంటే తొందరగా నోటికొస్తాయి.

స్కూల్లో 1925 నాటి సీరం రన్ (కుక్కల బండ్ల మీద మందు చేరవేసిన సంగతి) పాఠం వచ్చినప్పుడు పెద్దది ఆ కథ తాతయ్యకి చెప్పింది. అలాస్కాలోని నోమ్ పట్టణంలో కంఠసర్పి (డిఫ్తీరియా) వచ్చింది. మందు రైల్లో నెనానా దాకా చేరింది. మాకు గంట దూరం. అక్కడి నుంచి 674 మైళ్లు, 20 మంది మషర్లు చేతులు మార్చుకుంటూ అయిదున్నర రోజుల్లో చేర్చారు. మా పెద్దదాని కోపమంతా టోగో అనే కుక్క అందరికంటే ఎక్కువ దూరం, ఎక్కువ ప్రమాదమున్న దారిలో పరిగెడితే, చివరి అంచె పరిగెత్తిన బాల్టోకి న్యూయార్క్‌లో విగ్రహం పెట్టారని. నాన్న కుక్కల తగవులో దూరలేదు. చిన్నప్పుడు తమ వీధిలో ఒక పిల్ల కంఠసర్పితోనే పోయిందని చెప్పాడు. నాకూ ఎప్పుడూ చెప్పలేదు ఆ మాట.

పిల్లలు రెండు సంస్కృతుల మధ్య నలిగిపోతారేమోనన్న బెంగ మనవాళ్లలో ఎక్కువ. ఆ బెంగ కలిగినప్పుడు నాకు గుర్తొచ్చేది మన దేశం వాడు కాదు, జార్జ్ అట్లా. 1933లో పుట్టిన అలాస్కా ఆదివాసీ, అథబాస్కన్ మనిషి, కొయుకుక్ నది మీద హస్లియా ఊరు. చిన్నతనంలో టీబీ వచ్చి ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో, ఊరికి దూరంగా పెరిగాడు. మోకాలు బిగుసుకుపోయింది. తిరిగొచ్చేసరికి సొంత ఊరి బతుకు తెలియని కుర్రాడు. కుక్కల బండి పట్టాడు. 1958లో యాంకరేజ్ వచ్చి మొదటిసారే కుక్కల బండ్ల ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచాడు. మొత్తం పదిసార్లు గెలిచాడు, మా ఊరి ఓపెన్ నార్త్ అమెరికన్ ఎనిమిదిసార్లు. చివరి రోజుల్లో, 2015లో పోయేలోపు, చనిపోయిన కొడుకు పేరు మీద హస్లియా పిల్లలకి కుక్కల పెంపకం నేర్పించే కార్యక్రమం మొదలుపెట్టాడు. పెద్దలకీ పిల్లలకీ మధ్య తెగిన తాడు దాంతో కలుస్తుందని ఆయన నమ్మకం. ఆయన కష్టం వేరు, మాది వేరు. వాళ్లని వాళ్ల నేల మీదే పరాయివాళ్లని చేశారు, మేం జీతం కోసం మాకు మేమే వచ్చాం. అది మర్చిపోయి పోలిక పెట్టకూడదు. కానీ తాతకీ మనవరాలికీ మాట్లాడుకోవడానికి ఒక పని ఉండాలి, కబుర్లు చాలవు అన్న సంగతి నాకు ఆయన వల్లే తెలిసింది.

పని ఉంటే తగాదాలూ ఉంటాయి. పెద్దది యూట్యూబ్‌లో బండలాగుడు పోటీలు చూసింది. ముల్లుగర్ర చూసింది. ఫోన్ చేసి తిన్నగా అడిగేసింది: "తాతయ్యా, నువ్వు కూడా పొడిచేవాడివా?" నేను వంటింట్లో ఉన్నాను, చెయ్యి ఆగిపోయింది. మా ఇంట్లో మా నాన్నని అలా అడిగినవాళ్లు లేరు.

"పొడిచేవాళ్లం" అన్నాడు. "అందరూ పొడిచేవాళ్లు. పొడిపించుకోకుండా లాగే జత నాకు ఒక్కటే దొరికింది."

"మా కుక్కలు కూర్చుంటే మేం ఏం చేయలేం. లేచేదాకా ఆగడమే."

"మరి మీ వెయ్యి మైళ్ల పందెంలో కుక్కలు చావలేదా?"

ఇడిటరాడ్ సంగతి, అలాస్కాలో ఏటా జరిగే కుక్కల బండ్ల పందెం. పెద్దదే చెప్పింది ఆయనకి అంతకుముందు. దారి పొడవునా వెటర్నరీ డాక్టర్లు ఉంటారు, ఒకచోట 24 గంటలు ఆగి తీరాలి. అయినా చచ్చిపోయిన కుక్కలున్నాయి, జంతు హక్కుల వాళ్ల గొడవ ఏటా ఉంటుంది. పెద్దది జవాబు చెప్పలేదు. మూడు రోజులు తాతయ్యకి ఫోన్ చేయలేదు. నాలుగోరోజు చెడ్డర్ గోరు విరిగింది, చేసింది.

ఇప్పుడు ఇండియా ప్రయాణం మాట నడుస్తోంది. నలుగురం కలిసి వెళ్లడం కుదరదు, ఏడు కుక్కలతో ఒకరు ఉండాల్సిందే. సంక్రాంతి ఎప్పుడూ మాకు అందదు, జనవరి అంటే ఇక్కడ పరుగుల కాలం. మేలో అయితే మంచు ఉండదు, కుక్కలకి పని ఉండదు, ఒంగోల్లో ఎండకి మాడిపోయేది మేమే. మా ఆయన ఆ నెల స్లోప్‌లో రెండు వారాలే పడేలా చూసుకున్నాడు. మిగతా రెండు వారాల్లో నేనూ పిల్లలూ వెళ్తాం. ఎక్కడైనా తిరునాళ్ల పోటీ ఉంటే చిన్నోడిని తీసుకెళ్తానని నాన్న మాటిచ్చాడు. పెద్దది పోటీ చూడనంది. ఎడ్లని పోటీకి ముందు రోజు, కొట్టంలో, దాణా పెట్టేటప్పుడు చూస్తానంది. సరే, పొద్దున నాలుగింటికి లేవాలి మరి, లేస్తుందా అని అడిగాడు నాన్న. ఆ ప్రశ్నకి ఇంట్లో అందరం నవ్వాం. ఆయనకెందుకో అర్థం కాలేదు.