చూరు కింది మరక

హనుమకొండ, కనుమ మరునాడు

ఈ రోజంతా నా మనసు అమెరికాలోని మినియాపోలిస్‌లో ఉన్న ఇంటి పైకప్పు మీదనే ఉన్నది. చిన్నబిడ్డ, అల్లుడు దీపావళి తరువాత కొన్న ఆ ఇల్లు 1950ల నాటిది, చాలావరకు కట్టెతో కట్టినది. పొద్దున బిడ్డ ఫోను చేసి, ముందుగదిలో గోడ, సీలింగు కలిసే చోట పసుపు మరక నిన్నటికంటే పెద్దదైందని చూపించింది. “వాన లేదు, ఎండ లేదు, బయట మైనస్ ఇరవై ఉన్నది, మరి ఈ నీళ్లెక్కడియి బాపూ?” అని అడిగింది.

శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా, ఆ తరువాత ఇక్కడి ఇళ్ల పనుల్లో గడిపిన నాకు, తడి కనబడిన చోటనే లోపం ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే మరకను వదిలి చూరును చూపించమన్నాను. అల్లుడు బయటికి వెళ్లి ఫోను పైకెత్తాడు. కప్పు నిండా మంచు, చూరు అంచున మాత్రం జానెడు మందాన ఐసు, దాని నుంచి వేలాడుతున్న పొడవాటి ఐసు ఊచలు కనబడ్డాయి.

దీన్ని అక్కడివాళ్లు ఐస్ డ్యామ్ అంటారు. ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేస్ వేడి చేసిన గాలి, లైట్ల చుట్టూ, పైపుల చుట్టూ, అటక మూత చుట్టూ ఉన్న సందుల గుండా సీలింగుకు, కప్పుకు నడుమ ఉన్న అటకలోకి చేరి కప్పు చెక్కలను వెచ్చబరుస్తుంది. దానితో పైనున్న మంచు అడుగు నుంచి కరిగి, నీరై, వాలు వెంట జారి, గోడ దాటి ముందుకు వచ్చిన చూరును చేరగానే, అక్కడ కింద వేడి లేనందున మళ్లీ గడ్డకడుతుంది. ఆ గడ్డ పెరిగిన కొద్దీ దాని వెనుక నీరు నిలుస్తుంది. కప్పు మీద ఒకదానిపై ఒకటి పరిచే షింగిల్స్ అనే పలకలు జారిపోయే నీటికి తట్టుకుంటాయి గాని నిలిచిన నీటికి తట్టుకోవు కనుక, అది వాటి కిందికి ఎక్కి గోడలోకి దిగుతుంది. వాలు సరిగా లేని స్లాబు మీద వాన నీరు నిలిచి ఉరవడం ఇక్కడ ఎన్నో ఇళ్లలో చూశాను. అక్కడ ఆ నీటిని పుట్టిస్తున్నది ఇంటి వేడే. పిల్లలు నెలనెలా బిల్లు కట్టి కొనుక్కున్న వేడి వాళ్ల ఇంటినే పాడు చేస్తున్నదంటే బాధ కలిగింది.

మొదట వచ్చిన పనివాడు, చూరు వెంబడి కరెంటు తీగ పరిచి ఐసు కరిగిస్తానని, తడిసిన షింగిల్స్ మారుస్తానని అన్నాడట. ఖర్చు తక్కువని అల్లుడు అటు మొగ్గాడు. మఫ్లరు చుట్టుకొని వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తున్నంతసేపూ ఆలోచించాను, ఆ పద్ధతి నాకు నచ్చలేదు. తీగ ప్రతి చలికాలం కరెంటు తింటుంది, అటకలోకి పోయే వేడి మాత్రం పోతూనే ఉంటుంది. ఇల్లు కొన్న కొత్తలో చేతిలో డబ్బు ఆడదని తెలుసు, అయినా ఇంటికి రాగానే ఈ మాట గట్టిగానే చెప్పాను.

రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే అక్కడ ఉదయం తొమ్మిదికి, ఇల్లు చూడటానికి రెండో పనివాడు వచ్చాడు. బిడ్డ ఫోను పట్టుకొని అతని వెంట తిరిగింది. ముఖద్వారానికి పెద్ద ఫ్యాను బిగించి ఇంట్లోని గాలిని బయటికి లాగాడు. అప్పుడు సందులన్నింటి నుంచి చల్లగాలి లోపలికి దూరుతుంది, ఆ చోట్లు వేడి, చలి తేడాను చూపే థర్మల్ కెమెరాలో నల్లగా కనబడతాయి. సీలింగులోని ప్రతి లైటు చుట్టూ నల్లని మచ్చ ఉన్నది.

తరువాత అటక ఎక్కాడు. వేడిని ఆపడానికి పరిచిన పాత ఇన్సులేషన్ నాలుగైదు అంగుళాలకు మించి లేదు. పైగా స్నానాల గది ఫ్యాను గొట్టాన్ని ఎవరో అటకలోకే వదిలారు; ఆ ఆవిరి కప్పులోని మేకుల మొనల మీద తెల్లగా పేరుకొని ఉన్నది. ముందు ఆ గొట్టాన్ని కప్పు బయటికి తీయాలని, సందులన్నీ ఫోమ్‌తో మూయాలని, చూరు దగ్గర గాలి వచ్చే దారులు కప్పబడకుండా చూసి, ఆ పైన సెల్యులోజ్‌ను సుమారు 14 అంగుళాల మందాన నింపాలని చెప్పాడు. పాత న్యూస్‌పేపర్ల నుంచి తయారయ్యే ఈ సెల్యులోజ్‌లో త్వరగా నిప్పంటుకోకుండా బోరాన్ లవణాలు కలుపుతారు. అతను చెప్పిన పనుల వరుస నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే సందులు మూయకుండా పైన ఎంత నింపినా గాలి దాని గుండా పోతూనే ఉంటుంది. అప్పటిదాకా ఐసును గొడ్డలితో కొట్టవద్దని, నేల మీదనే నిలబడి పొడవాటి కర్రకు బిగించిన పలకతో చూరు మీది మంచును కిందికి లాగేయాలని కూడా చెప్పాడు.

అల్లుడు ఒప్పుకున్నాడు. కాలువ పనుల్లో కాంక్రీటు పోయక ముందే ఇనుము చూసి, కొలిచి, ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో రాసేవాళ్లం, పోసిన తరువాత చూడటానికి ఏమీ మిగలదు కనుక. అట్లనే సందులు మూసిన తరువాత, సెల్యులోజ్ నింపక ముందు, అటకలో ప్రతి చోటునూ ఫొటో తీయమని, గొట్టం కప్పు దాటి వచ్చిన చోటును బయటి నుంచి కూడా తీయమని బిడ్డకు చెప్పాను. ఆ ఫొటోలు నాకు పంపిన తరువాతనే మిగతా డబ్బు ఇవ్వాలని అల్లుడితో అన్నాను. అతను ఒప్పందం కాగితంలోనే ఆ మాట రాయిస్తానన్నాడు.